చట్టం మాట: బావ ట్రస్టులో సంతకం పెట్టొచ్చా? నాన్న తుపాకీని ఏం చేయాలి?

ప్రశ్న: మాది కర్నూలు, కల్లూరు. మా అమ్మాయి, అల్లుడు డాలస్ దగ్గర ఉంటారు. అల్లుడికి అక్కడి పౌరసత్వం వచ్చింది. మా అబ్బాయి హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేస్తూ ప్రస్తుతానికి వాళ్లింట్లోనే ఉంటున్నాడు. అల్లుడికి మొదట్నుంచీ తుపాకుల సరదా. ఇప్పుడు పొట్టి బ్యారెల్ రైఫిల్ ఒకటి ట్రస్టు పేరు మీద రిజిస్టర్ చేయిస్తున్నాడు, అందులో మావాణ్ణి ట్రస్టీగా పెడతానని వేలిముద్రలు, ఫోటో అడిగాడు. నన్నూ మా ఆవిడనూ బెనిఫిషియరీలుగా, అంటే తర్వాత అది చెందాల్సినవాళ్లుగా రాస్తాడట. అడిగితే ‘ఏం లేదు మామయ్యా, ఉత్త ఫార్మాలిటీ’ అంటున్నాడు. బావ మాట కాదనలేక మావాడికి టెన్షన్ పట్టుకుంది. వచ్చే నెల విజిటర్ వీసా మీద మేమూ వెళ్తున్నాం. సంతకం పెట్టొచ్చా?
– పేరు వద్దన్నారు, కర్నూలు

జవాబు: వద్దు. ముందు మీ అబ్బాయికి ఫోన్ చేసి ఈ ఒక్క మాట చెప్పండి, మిగతాది తర్వాత తీరిగ్గా చదవొచ్చు.

తుపాకీ పొట్టిదా పొడుగుదా అన్నది తర్వాతి సంగతి, అడ్డం వచ్చేది మీ అబ్బాయి వీసా. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌-1బీ, ఎఫ్‌-1, విజిటర్ వీసా లాంటి నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, వాటి దగ్గరికి వస్తాను. ఉంచుకుంటే శిక్ష ఇదివరకు పదేళ్ల దాకా ఉండేది, 2022లో దాన్ని 15 ఏళ్ల దాకా పెంచారు. ఆయుధం కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదే ఒక కారణం అవుతుంది. గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి లైన్లో నిలబడ్డ పిల్లవాడు బావగారి సరదా కోసం ఇంత ముప్పు నెత్తిన పెట్టుకోవాలా?

మీ అల్లుడు చేస్తున్న పని మాత్రం తప్పు కాదు, అది కూడా చెప్పాలి. ఆయన ఎంచుకున్న దారి పూర్తిగా చట్టబద్ధమైనదే. రైఫిల్ బ్యారెల్ 16 అంగుళాలకు తగ్గినా, మొత్తం పొడవు 26 అంగుళాలకు తగ్గినా అక్కడ అది మామూలు రైఫిల్ కింద లెక్కకు రాదు, 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కిందకు వస్తుంది. మెషిన్‌గన్లు, బట్టల కింద దాచుకోవడానికి వీలుగా కోసేసిన తుపాకులు దొంగల ముఠాల చేతుల్లో తిరుగుతున్న రోజుల్లో తెచ్చిన చట్టం అది. అప్పుడే 200 డాలర్ల పన్ను పెట్టారు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద మొత్తం, తర్వాత తొంభై ఏళ్లు దాన్ని పెంచనూ లేదు, తగ్గించనూ లేదు. 2026 జనవరి 1 నుంచి పొట్టి రైఫిళ్లు, సైలెన్సర్ల లాంటి వాటికి ఆ పన్ను సున్నా అయింది, మెషిన్‌గన్లకు మాత్రం అలాగే ఉంది. అయితే పోయింది పన్ను ఒక్కటే. అప్లికేషన్, వేలిముద్రలు, అనుమతి వచ్చేదాకా ఆగడం, ఇవేవీ పోలేదు. ‘ఇప్పుడు ఫ్రీ అంట కదా’ అనుకుని అనుమతి రాకముందే పొట్టి బ్యారెల్ బిగించినవాడికి పదేళ్ల దాకా జైలు ఇప్పటికీ ఉంది.

మరి ట్రస్టు ఎందుకంటే, రైఫిల్ ఒక్కరి పేరు మీద రిజిస్టర్ అయితే దాన్ని ఉంచుకునే హక్కు ఆ ఒక్కరిదే. ఆయన ఊళ్లో లేనప్పుడు బీరువా తాళం భార్య దగ్గర ఉన్నా చిక్కే. ట్రస్టు పేరు మీద ఉంటే అందులోని ట్రస్టీలు ఎవరైనా చట్టబద్ధంగా ఉంచుకోవచ్చు, వాడుకోవచ్చు, రేపు ట్రస్టు పెట్టిన మనిషి పోయినా చేతులు మారడం సులువు. అందుకే అక్కడ చాలామంది ట్రస్టే పెట్టుకుంటారు. సరిగ్గా ఈ సదుపాయమే మీ అబ్బాయికి ఉచ్చు. ట్రస్టీ అంటే ఆ తుపాకీని దగ్గర ఉంచుకునే అధికారం ఉన్న మనిషి అని అర్థం. మనకు ట్రస్టీ అనగానే గుడి కమిటీలో పేరు, శిలాఫలకం మీద పేరు గుర్తొస్తాయి. ఇది అలాంటి గౌరవ పదవి కాదు సార్.

కాగితాలు ఎలా నడుస్తాయో చూస్తే మీకే తెలుస్తుంది. ఉన్న రైఫిల్‌ను తానే పొట్టిగా చేసుకునేవాళ్లు ఫారం 1 వేస్తారు, తయారైనదాన్ని కొనుక్కునేవాళ్లు ఫారం 4 వేస్తారు. రెండూ తుపాకుల వ్యవహారం చూసే ఏటీఎఫ్ అనే అక్కడి కేంద్ర సంస్థకు వెళ్తాయి. దాంతోపాటు ట్రస్టు డీడ్, అంటే ట్రస్టు రాతపత్రం, పూర్తి కాపీ ఇవ్వాలి. 2016 జూలై 13కు ముందు ట్రస్టుల వాళ్లకు వేలిముద్రలు, ఫోటోలు అక్కర్లేదు, ఆ సందు వాడుకునే చాలా ట్రస్టులు పుట్టాయి. ఆ తేదీ నుంచి ట్రస్టులో అధికారం ఉన్న ప్రతి ఒక్కరూ విడిగా ఫారం 23 నింపి, రెండంగుళాల ఫోటో, రెండు వేలిముద్రల కార్డులు ఇవ్వాలి, ఒక కాపీ తాము ఉండే చోట పోలీసు అధికారికి కూడా పంపాలి. మీ అబ్బాయి దగ్గర అడిగినవి ఇవే. ఆ ఫారంలోనే ‘మీరు నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద వచ్చారా’ అని సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. అవునని రాస్తే, మినహాయింపు కాగితం లేకపోతే, పని అక్కడే ఆగిపోతుంది. కాదని రాస్తే ప్రభుత్వానికి అబద్ధం రాసి సంతకం పెట్టినట్టు, పైగా పక్కనే సొంత వేలిముద్రలు కూడా వేసి ఇచ్చినట్టు.

ఇంకో సలహా కూడా మీ అల్లుడికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు: ముందు నువ్వొక్కడివే ట్రస్టీగా ఉండి అనుమతి తెచ్చుకో, వచ్చాక ట్రస్టులో మిగతావాళ్లను చేర్చుకో, అప్పుడు వేలిముద్రలు అడగరు అని. అడగరన్నది నిజమే. అనుమతి వచ్చాక చేరిన ట్రస్టీ కోసం మళ్లీ ఫారాలు పంపాల్సిన పని లేదు. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే. ఫారం ఉన్నప్పుడు కనీసం ఆ ప్రశ్న మనిషిని ఆపుతుంది, ఇలా చేస్తే ఆపేవాడు ఒక్కడూ ఉండడు, డైనింగ్ టేబుల్ మీద ఒక కాగితం, ఒక సంతకం, అంతే. నిషేధం మాత్రం ఎక్కడికీ పోదు.

వేట లైసెన్సు తీసుకుంటే సరిపోతుందని కూడా చెబుతారు. అమెరికాలో ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే నిషేధం వర్తించదని చట్టంలో మినహాయింపు ఉన్న మాట వాస్తవం. కానీ ఆ లైసెన్సుకు గడువు ఉంటుంది, రెన్యువల్ మరిచిపోయిన రోజు నుంచి మీవాడు మళ్లీ నేరం అంచున ఉంటాడు, ట్రస్టులో పేరు మాత్రం అలాగే ఉండిపోతుంది. కాబట్టి ఆ దారి తొక్కాలనుకుంటే అక్కడి ఇమ్మిగ్రేషన్ లాయరును, ఆయుధాల చట్టం తెలిసిన లాయరును ఇద్దరినీ అడిగి, రాతపూర్వకంగా సలహా తీసుకున్నాకే. నన్నడిగితే గ్రీన్‌కార్డు వచ్చేదాకా ఆగమంటాను. అది వచ్చిన రోజున ఈ అడ్డంకే ఉండదు.

మీ ఉత్తరంలో మీరు మామూలుగా రాసేసిన మాట ఒకటి నన్ను ఆపింది: అబ్బాయి వాళ్లింట్లోనే ఉంటున్నాడని. ట్రస్టులో పేరు లేకపోయినా, తుపాకీ పెట్టిన సేఫ్ నంబరు అతనికి తెలిస్తే అది అతని అధీనంలో ఉన్నట్టే అని వాదించే అవకాశం ఉంటుంది. కాబట్టి ఆ సేఫ్ నంబరు, తాళంచెవి మీ అబ్బాయికి అందకూడదు. ఊరెళ్తూ ‘బామ్మర్దీ, నంబరు గుర్తుపెట్టుకో’ అని చెప్పే అలవాటు మన ఇళ్లల్లో ఉంటుంది, మీ అల్లుడికి ఈ విషయం ముందే చెప్పండి.

ఇక మీ దంపతుల సంగతి. బెనిఫిషియరీగా పేరున్నంత మాత్రాన ఇబ్బంది లేదు, డీడ్‌లో మీకు ఆయుధం ఉంచుకునే, వాడుకునే అధికారం ఏదీ రాయకుండా ఉంటే చాలు. ఆ పేరాను ఒకసారి చదివించుకోండి. దేవుడి దయవల్ల అందరూ నిండు నూరేళ్లూ ఉండాలి, కానీ రేపెప్పుడైనా ఆస్తి పంపకం దాకా వస్తే బెనిఫిషియరీ పేరు మీదకు మార్చడానికి ఫారం 5 అని ఒకటి ఉంది, దానికి ముందు నుంచీ పన్ను లేదు. కాకపోతే ఆ రైఫిల్ కర్నూలుకు వచ్చే వస్తువు కాదు. అందుకే నేనైతే మీ పేర్ల బదులు అక్కడ స్థిరపడినవాళ్ల పేర్లు రాయమంటాను.

వెళ్లాక జాగ్రత్త. విజిటర్ వీసా కూడా ఆ నిషేధం కిందకే వస్తుంది. అల్లుడు ముచ్చటపడి ‘పట్టుకోండి మామయ్యా, ఒక ఫోటో’ అన్నా, షూటింగ్ రేంజికి తీసుకెళ్లి రెండు గుళ్లు కాల్చమన్నా, పక్కన నిలబడి చూడండి, చేత్తో ముట్టుకోవద్దు. వచ్చేటప్పుడు పెట్టెలు మీరే సర్దుకోండి. రేంజిలో దొరికిన తూటాను మనవడు ముచ్చటపడి తాత బ్యాగు జేబులో వేస్తే, ఎయిర్‌పోర్టు స్కానర్‌లో అది ఇట్టే కనపడుతుంది, మన ఆయుధాల చట్టం కింద కేసు అవుతుంది. తెలిసి దగ్గర ఉంచుకుంటేనే నేరమని మన కోర్టులు చెప్పాయి కాబట్టి చివరికి బయటపడొచ్చు, అయితే ఆ చివర దాకా కోర్టుకు తిరగాల్సింది మాత్రం మీరే.

అల్లుడికి ఇంకొక్క విషయం మీ మాటగా చెప్పండి. తానే తయారు చేసుకునేట్టయితే ట్రస్టు పేరు, ఊరు, రాష్ట్రం రైఫిల్ రిసీవర్ మీద, అంటే యంత్రభాగాలుండే మధ్య భాగం మీద చెక్కించాలి, లోతు అంగుళంలో వెయ్యింట మూడు వంతులకు తగ్గకూడదు. చేత్తో తడిమితే గోరుకు తగలాలి. అంటే ట్రస్టుకు మన ఇంటిపేర్లన్నీ కలిపి పొడుగాటి పేరు పెట్టారంటే దాన్ని ఆ ఇనుము మీద పట్టించడం కష్టం. ఇక ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్లాల్సి వస్తే ఫారం 20 వేసి ముందుగా అనుమతి తెచ్చుకున్నాకే రైఫిల్ కదలాలి. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి చోట్ల సామాన్యుల దగ్గర పొట్టి రైఫిల్‌ను రానివ్వరు, మనవాళ్లు ఎక్కువగా ఉండే చోట్లలో అవీ ఉన్నాయి. రెండో ట్రస్టీ కావాలంటే మీ అమ్మాయి ఉంది కదా. ఆమెకు పౌరసత్వమో గ్రీన్‌కార్డో ఉంటే ఆమె పేరు రాయమనండి.

ప్రశ్న: మాది కడప జిల్లా, ప్రొద్దుటూరు. నాన్న పోయి ఐదు నెలలైంది. ఆయన లైసెన్సు మీదున్న డబుల్ బ్యారెల్ 12 బోర్ తుపాకీ ఇంట్లోనే ఉంది. మేము ఇద్దరు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. నాన్న గుర్తు కాబట్టి అమ్మడం ఎవరికీ ఇష్టం లేదు. ముగ్గురి పేరు మీదా ఉండేలా ట్రస్టు లాంటిది పెట్టొచ్చా? బ్యారెల్ చివర తుప్పు పట్టింది, అంతమేరకు కోయించి నున్నగా చేయిస్తామని తమ్ముడు అంటున్నాడు, చేయించొచ్చా?
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: మీ తమ్ముణ్ణి రంపం పక్కన పెట్టమనండి. మన ఆయుధాల చట్టం 1959లో 6వ సెక్షన్ ఉన్నదే దీనికి. లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయకూడదు. 2019 సవరణ తర్వాత ఆ నేరానికి ఏడేళ్లకు తగ్గకుండా యావజ్జీవం దాకా శిక్ష ఉంది. తుప్పు పోగొట్టాలనే ఉద్దేశంతో చేశామన్నా కోసిన బ్యారెల్ కోసిన బ్యారెలే. పైగా లైసెన్సు ఇచ్చే సెక్షన్‌లోనే ఆత్మరక్షణకో క్రీడకో అడిగే నున్నటి గొట్టం తుపాకీ బ్యారెల్ 20 అంగుళాలకు తగ్గకూడదని రాసి ఉంది. తుప్పు ఉంటే లైసెన్సున్న రిపేరు షాపులో చూపించాలి, అదీ తుపాకీకి చట్టబద్ధమైన యజమాని ఏర్పడ్డాక.

ట్రస్టు దారి ఇక్కడ లేదు. బ్యాంకుల్లాంటి సంస్థల సంగతి వేరు గానీ, కుటుంబంలో లైసెన్సు ఒక మనిషి పేరు మీదే ఉంటుంది, ఆ మనిషికి జాతీయ డేటాబేస్‌లో ఒక నంబరు ఉంటుంది. కాబట్టి ముగ్గురూ కూర్చుని ఒక్క పేరు తేల్చుకోండి.

మీ ఉత్తరంలో తొందరపడాల్సిన విషయం ఆ ఐదు నెలలు. నాన్నగారు పోయిన రోజే ఆయన లైసెన్సు మీకు పనికిరాకుండా పోయింది. ఈ రోజు ఆ తుపాకీ మీ ఇంట్లో లైసెన్సు లేకుండా ఉన్నట్టు లెక్క, దానికి రెండు నుంచి ఐదేళ్ల శిక్ష ఉంది. చట్టం 21వ సెక్షన్ ఏం చెబుతుందంటే, ఇలాంటి ఆయుధాన్ని ఆలస్యం చేయకుండా దగ్గరి పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్సున్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. రేపే వెళ్లండి. వెళ్లేముందు స్టేషన్‌కు సమాచారం ఇచ్చి వెళ్లండి, తుపాకీని ఉత్తదిగా, తూటాలు విడిగా, పాత లైసెన్సు పుస్తకం, డెత్ సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని వెళ్లండి. ఇంట్లో మిగిలిన తూటాలన్నీ లెక్కపెట్టి అప్పజెప్పండి. తుపాకీ నంబరు, తూటాల సంఖ్య రాసిన రసీదు తీసుకోకుండా మాత్రం మెట్లు దిగొద్దు.

మా పెదనాన్న పోయినప్పుడు మేమూ ఇదే తప్పు చేశాం. గరిసె వెనక ఇనప ట్రంకు పెట్టెలో, పాత పంచెలో చుట్టి, కర్పూరం ఉండలు వేసి పెట్టిన తుపాకీ. లైసెన్సు పుస్తకం అట్ట ఊడిపోయి, ఆఖరి రెన్యువల్ ముద్ర ఊదారంగు మరకలా మిగిలింది. దినాలు, పంపకాలు, పెళ్లిళ్ల మధ్య అదొకటి ఉందన్న సంగతే ఎవరికీ పట్టలేదు. మూడేళ్లకు ఎన్నికలొచ్చాయి, మన సీమలో ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్‌కు చేరాలి కదా, కానిస్టేబుల్ జాబితా పట్టుకుని మా పెద్దమ్మ గుమ్మంలో నిలబడి పెదనాన్న పేరు పెట్టి పిలిచాడు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. భర్త పేరు అలా బయటి నుంచి వినపడి మూడేళ్లయింది ఆమెకు.

డిపాజిట్ అయ్యాక, మీలో ఒకరు వారసుడి హోదాలో లైసెన్సుకు దరఖాస్తు చేయాలి. ఆయుధాల నిబంధనలు 2016లో 25వ రూల్ దీనికోసమే. 21 ఏళ్లు నిండి ఉండాలి, కేసులు ఉండకూడదు. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా ఇద్దరూ అమ్మగారూ అభ్యంతరం లేదని రాసి ఇచ్చే అఫిడవిట్లు, మెడికల్ సర్టిఫికెట్, ఆయుధం వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా పెట్టుకుంటానని హామీ పత్రం సిద్ధం చేసుకోండి. అఫిడవిట్లో తుపాకీ నంబరు తప్పు పడకుండా చూసుకోండి. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువ భాగం ఆగిపోయింది ఈ ఒక్క అంకె దగ్గరే, 3 అరిగిపోయి 8లా కనపడుతుంది, అందుకని పుస్తకంలో ఉన్నదీ ఇనుము మీద ఉన్నదీ పక్కపక్కన పెట్టి చూసి రాయించండి. దరఖాస్తు ఎవరు పెట్టుకుంటారో వాళ్లు నివసించే జిల్లా కలెక్టరేట్‌కే వెళ్లాలి. నంద్యాల నుంచి రాసేవాళ్లు కూడా తరచూ ఇదే అడుగుతుంటారు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కాబట్టి నాన్న లైసెన్సు మీద కర్నూలు ముద్ర ఉన్నా మీరు వెళ్లాల్సింది నంద్యాలకే.

తర్వాత పోలీసు విచారణ, కలెక్టరు ఉత్తర్వు. ఇస్తే లైసెన్సు ఐదేళ్లకు వస్తుంది. ఒక్కరికి రెండు తుపాకులకు మించి ఉండవు, ఇప్పటికే రెండున్నవాళ్లు పేరు పెట్టుకోవద్దు. ఎవరికీ లైసెన్సు రాకపోతే డీలరుకో లైసెన్సున్న మరొకరికో అమ్మేయొచ్చు. స్టేషన్‌లో వదిలేసి మరిచిపోతే గడువు దాటాక జిల్లా మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో అది ప్రభుత్వపరం అవుతుంది.

ఇది చదివే పెద్దలకు ఒక మనవి. మీకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ మీ దగ్గర 25 ఏళ్లుగా ఉన్నా, మీరు బతికుండగానే వారసుల్లో ఒకరిని ఎంచుకుని వాళ్ల పేరు మీద లైసెన్సు అడిగే వీలు అదే 25వ రూల్‌లో ఉంది. అడగండి. మీరు ఎదురుగా ఉంటే పిల్లల మధ్య ‘ఎవరికి’ అన్న పంచాయితీ పుట్టదు.

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర మాకు ఆరెకరాల బుడ్డల చేను. అడవి పందులు రాత్రికి రాత్రి తవ్వి పోస్తున్నాయి. ఊళ్లో ఒకాయన నాటు తుపాకీ ఇప్పిస్తానంటున్నాడు. పంట కోసమే కదా, ఫర్వాలేదా?
– రైతు, అనంతపురం జిల్లా

జవాబు: అన్నా, కొనొద్దు. పంట కోసమైనా లైసెన్సు లేని తుపాకీ నేరమే. పంట కాపాడుకోవడానికి మందు కూరి పేల్చే తుపాకీకి లైసెన్సు అడిగే వీలు చట్టంలోనే ఉంది, కలెక్టరేట్‌లో దరఖాస్తు చేయండి, పట్టాదారు పాసుపుస్తకం, పంట నష్టం ఫోటోలు జత చేయండి. కానీ తుపాకీ లైసెన్సు వచ్చినంత మాత్రాన పందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. అడవి పంది వన్యప్రాణి రక్షణ చట్టం కింద ఉంది, పైరును పాడు చేస్తున్న జంతువును చంపడానికి అటవీ శాఖ రాతపూర్వక అనుమతి వేరే ఉండాలి. ఈ రెండు కాగితాలూ చేతికి రావడానికి టైం పడుతుంది, చేను అప్పటిదాకా ఆగదని నాకు తెలుసు. కాబట్టి ఈ వారమే అటవీ రేంజి ఆఫీసులో పంట నష్టం అర్జీ ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకుని దగ్గర పెట్టుకోండి. కరెంటు తీగలు మాత్రం గట్ల మీద పరచొద్దు, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చే మనిషికి ఆ తీగ కనపడదు.